గోరంత చిప్పుల ఎవరి మాట ముందు పోవాలె

మా బిడ్డ ఏం నౌకరి చేస్తదని ఎవరన్న అడిగితే చాన ఏండ్లు నేను ఒక్కటే మాట చెప్పిన. "కంప్యూటర్ల చేస్తది." అడిగినోళ్లు గూడ అంతటితోని ఊకుంటుండె. అందరి పిల్లలు కంప్యూటర్లనే చేస్తున్నరాయె. గని నాకు లోపల ఒకటే గుల. మా ఇంటాయన కందులు కొని, పప్పు పట్టించి అమ్ముతడు. మా గల్లీ దాటితే బండలు కోసే మిషిన్లున్నయి, ఇంతింత రాయి తెచ్చి పలకలు చేసి లారీలకు ఎక్కిస్తరు. అవన్నీ కండ్లకు కనపడే పనులు. మరి నా బిడ్డ పొద్దుందాక కూసొని ఏం చేస్తది? చేసినంక ఏం తయారయితది? ఫోన్ల అడిగితే "చిప్పు డిజైను అమ్మా" అని ఒక్క ముక్క చెప్పి, "తిన్నవా, నానమ్మ తిన్నదా" అని మాట మారుస్తుండె. నేను మర్పల్లిల అయిదో తరగతి దాక చదివినదాన్ని. చెప్పినా ఎక్కదని అనుకున్నదేమో.

పోయిన వానకాలం ఆ గుల తీరింది.

బిడ్డకు తొలి కాన్పు కాబట్టి పుట్టింటికే తెచ్చుకోవాలె. వికారాబాద్ల మాకు తెలిసిన డాక్టరమ్మ ఉన్నది. ఆమె చూసి, బీపీ జర ఎక్కువనే ఉన్నది, మెట్లెక్కొద్దు, వంగొద్దు, ఊకె హైదరాబాద్ తిరగొద్దు అన్నది. గందుకని అనుకున్నదానికన్న ముందుగాల్నే తాండూరుకు, మా ఇంటికి వచ్చేసింది. సెలవు ఇంక షురూ కాలే, పని ఇంట్ల నుంచే. మీద అర్ర ఖాళీగ ఉన్నా మెట్లు వద్దన్నరు గద, కింద పడసాలలనే కిటికి దగ్గర బల్ల ఏసినం. అదే పడసాలల మా అత్తమ్మ మంచం గూడ. అత్తమ్మకు ఎనభై దాటినయి. కండ్లు మసక, చెవులు మాత్రం పాముచెవులు.

పొద్దుగాల పాలు కాగే యాలకు దాని మీటింగులు మొదలయితయి. అంత ఇంగ్లీషే. నేను పోపు ఏసుకుంట ఇంటుంట. సమజ్ కాకున్నా గొంతు తెలుస్తది గద. ఒక దినం ఫోన్ పెట్టేసి, రెండు చేతుల్ల తల పట్టుకొని కూసున్నది.

"ఏమైందే?" అన్న.

"ఏం లేదమ్మా."

"ఏం లేకుంటే గా మొఖమేంది?"

"నేను సెలవు మీద పోయేలోపల నా మ్యాపు పాసు కావాలె. కాకుంటే పాత మ్యాపే పెట్టేస్తమంటున్నరు. ఇన్నేండ్ల పని అంత మూలకు పోతది" అన్నది.

"ఏం మ్యాపు? ఊరి మ్యాపా?"

"చిప్పుల తొవ్వల మ్యాపు."

అత్తమ్మ మంచం మీదికెల్లి లేసి కూసున్నది. "చిప్పుల తొవ్వలేందే పిల్లా? అండ్ల ఎవరు నడుస్తరు?"

"మాటలు నడుస్తయి నానమ్మ."

నేను చేతిల గంటె పట్టుకొనే పడసాలలకు వచ్చిన. "చూపియ్యి" అన్న.

"ఏం చూపియ్యాలె? గోరంత ఉంటది. దాంట్లవి కండ్లకు కనపడయి."

"కనపడని దాంట్ల తొవ్వలు ఎట్లేస్తివి మరి?"

అది నవ్వి, కిందికి చూసింది. మా పడసాలల కింద అంత తాండూరు బండలే, చదరాలు చదరాలుగ పరిచి, నడుమ సందులల్ల సిమెంటు పెట్టినయి. మామ బతికున్నప్పుడు ఏసినవి, ఇప్పటికీ ఒక్కటి కదలలే.

"అమ్మా, గీ బండలు చూడు. ఒక్కో బండ ఒక్కో అర్ర అనుకో. ఒక అర్రల ఒకరు లెక్కలు చేస్తరు. ఇంకో అర్రల ఒకరు ఫోన్ల మనకు కనపడే బొమ్మలు గీస్తరు. ఇంకొకరు అన్నీ యాదికి పెట్టుకుంటరు. ఎవరి పని వాళ్లదే. గని ఒకరితోని ఒకరు మాట్లాడకుంటే ఒక్క పని గూడ కాదు. నేను వాళ్ల పనులేం చెయ్య. వాళ్ల నడుమ మాట పోయే తొవ్వలు ఏస్త. గీ సందులున్నయి గద, ఇవే తొవ్వలు. నాలుగు బండలు కలిసిన కాడల్ల ఒక చౌరస్తా."

ఇన్నేండ్లు నేను అడిగిన దానికి జవాబు మా కాళ్ల కిందనే ఉండె. నాకు మస్తు సంబరమైంది. మా బిడ్డ సడకులేస్తది!

"గంతెందుకు? నడుమ ఒక పడసాల ఉంటే సాలదా? అందరొచ్చి ఆడ్నే మాట్లాడుకుంటరు" అన్న.

"మొదట్ల గట్లనే ఉండెనమ్మా. ఒకటే పడసాల. ఒకరు మాట్లాడితే మిగిలినోళ్లందరు నోరు మూసుకొని ఆగాలె. నలుగురున్నప్పుడు నడిచింది. ఇప్పుడు ఒక్క చిప్పుల ఎంతమందో. ఒక్క పడసాలల ఎక్కడ కుదురుతది?"

"మా పెండ్లినాటికి ఈ ఇంట్ల గూడ గదే" అన్నది అత్తమ్మ. "మాట్లాడేది మీ ముత్తాత ఒక్కడే."

వంగొద్దని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి అది కుర్చీల కూసొని చెప్పుడు, నేను కింద పెట్టుడు. నడిమి బండ మీద ఇత్తడి బిందె పెట్టిన. అది మెదడు, అన్ని లెక్కలు దానియే. గోడ దిక్కు బియ్యం డబ్బా, అది యాదికి పెట్టుకునేది. ఇంకో దిక్కు టీవీ రిమోటు, బొమ్మలు గీసేది. ఆఖరికి మూల బండ మీద ఉప్పు డబ్బా పెట్టమన్నది.

"ఇదేంది?"

"ఇది చిన్నది. దీని పని ఒక్కటే. చిప్పు వేడెక్కుతున్నదా అని చూసుకుంట ఉంటది. ఎక్కితే మెదడుకు చెప్తది, జర మెల్లగ నడువు అని. మెదడు ఇంటది, నిమ్మళమయితది. వేడి దిగుతది."

అటెన్క గుప్పెడు కందులు తెప్పిచ్చింది. కందిగింజలే మాటలు. నేను సందుల పొంటి ఏలుతోని ఒక్కొక్క గింజను నూకుకుంట పోయిన. ఒక్క మాటను ముక్కలు ముక్కలు చేసి పంపుతరంట. ముందటి ముక్కకే ఎటు పోవాల్నో తెలుసంట, వెనుకటివి దాని వెంబడి పోతయంట.

"గూడ్సు బండి లెక్కనా?" అన్న.

"ఆ, అట్లనే."

"ఇంజను చౌరస్తాల ఆగితే వెనుక డబ్బాలేడ ఉంటయి?"

"ఎక్కడియక్కడ, తొవ్వ మీదనే."

మధ్యాహ్నం అన్నానికి మా ఇంటాయన వచ్చిండు. కడప దాటి ఒక కాలు లోపల పెట్టి ఆగిండు. "ఏం కొలువు పెట్టిన్రు గిక్కడ? ఉప్పు డబ్బా కింద ఉన్నదేంది?"

"ముట్టకండి, అది చిప్పు" అన్న.

"నా ఇంట్ల నాకే నడవనీకి తొవ్వ లేదు."

"ఉన్నది నాన్నా" అన్నది బిడ్డ. "నువ్వు పోవాల్సింది వంటింటికి. మొదలు గోడ దాక సీదా పో, అటెన్క ఒక్కటే మల్పు తిరిగి మల్ల సీదా పో. నడుమల వంకర టింకర పోవద్దు."

ఆయన గొణుక్కుంటనే గట్లనే నడిచిండు, ఒక్క గింజ గూడ తొక్కకుంట. "గోడ దాక పోయి రావుడెందుకు, అడ్డం పడి పోతే దగ్గర గద" అన్నడు తింటుంటే.

అప్పుడు నాకు ఒకటి తట్టింది. మా దగ్గర బండల లారీలు చౌరస్తాల చిక్కుకుంటయి. నాలుగు దిక్కులకెల్లి నాలుగు మూతులు పెడతయి. దీనికి పోవాల్సిన జాగల అది నిలబడి ఉంటది, దానికి పోవాల్సిన జాగల ఇంకోటి. ఎవడూ వెనుకకు తియ్యడు. హారన్లు కొట్టుకుంట కూసుంటరు. "నీ పరేషాన్ గదే గద బిడ్డా?" అన్న, సమజ్ అయ్యిందన్న సంబరంతోని.

"కాదమ్మా. అది వేరే రోగం, దానికి మందున్నది. నాన్నను నడిపిచ్చిన గద, గదే. అందరు మొదలు అడ్డం పోవాలె, అటెన్క ఒక్క మల్పు తిరిగి నిలువు పోవాలె. అందరు అదే రూలు మీద నడిస్తే లారీల చిక్కు పడనే పడదు. నాది వేరే."

నా సంబరం అంత దిగిపోయింది. "మరి నీదేంది?"

చిప్పు ఇంక తయారు కాలేదంట. తయారు చేసే ముందు కంప్యూటర్లనే ఉత్తుత్త చిప్పును నడిపి చూస్తరంట. కొద్దిసేపు మంచిగనే నడుస్తది. ఫోన్ల పిల్లలాడే ఆటలాంటిది పెట్టంగనే ఉత్తుత్త వేడి పెరుగుడు షురూ. పెరుగుతది, పెరుగుతది, ఉప్పు డబ్బా మాత్రం నోరు తెరవది. మెదడుకు తెల్వది, అది జోరుగ నడుస్తనే ఉంటది. ఆఖరికి ఉత్తుత్త చిప్పు ఉత్తుత్తగ కాలిపోతది. పాత మ్యాపు మీద గట్ల కాదంట. పాతది మెల్లగ నడుస్తది గని కాలది. గందుకే పాతదే పెడదామని కంపెనీల పెద్దలు మోపైన్రు.

"నా మ్యాపుల ఏ తప్పు లేదమ్మా. ఆ వేడి చూసేదే మాట్లాడుతలేదు. దాన్ని చేసినాయన బెంగుళూరుల ఉన్నడు. తప్పు ఆయనది" అన్నది.

తెల్లారి ఆ బెంగుళూరాయనతోని ఫోన్. నా బిడ్డ గొంతు లేసింది. ఆయన గొంతు గూడ లేసింది. స్పీకర్ల పెట్టి కాయితాలు తిరగేస్తున్నది అది. ఆయన నడుమల పక్కనున్నోళ్లతోని కన్నడంల ఏదో అన్నడు. మాకు తాండూరోళ్లకు కన్నడం బజార్లనే వస్తది, మా అత్తమ్మదైతే పుట్టిల్లే సేడం దిక్కు. హైదరాబాద్ల చదివిన నా బిడ్డకు రాదు.

ఫోన్ పెట్టేసినంక అత్తమ్మ అన్నది. "ఏందే, తలుపు తియ్యమంటున్నడు గద వాడు? ఎందుకు తియ్యవు?"

"ఏం తలుపు నానమ్మ?"

"మావోడు బయట నిలబడి ఒర్లుతనే ఉన్నడు, ఈమె తలుపు తీస్తలేదు, పైనుంచి మావోడు మూగోడని బద్నాం చేస్తున్నది అన్నడు."

నా బిడ్డ మొఖం ఎర్రగైంది. "నా తలుపులన్నీ మంచిగనే ఉన్నయి" అని లాప్‌టాప్ మీద టకటక కొట్టుడు మొదలువెట్టింది. ఆ పూట అన్నం గూడ సరిగ తినలే. నాకు లోపల ఫికర్ పట్టుకున్నది. ఒక దిక్కు బీపీ, ఒక దిక్కు ఈ పంచాది.

ఆ వారంలనే డాక్టరమ్మకు చూపియ్యాల్సి ఉండె. వానల కారు తీసుకొని వికారాబాద్ పోయినం. దవాఖానల కుర్చీలన్నీ నిండుగ ఉన్నయి. మా పక్కకు కోట్‌పల్లి దిక్కుకెల్లి వచ్చిన ఒకామె కూసున్నది, కోడల్ని చూపియ్య తెచ్చింది. మా వంతు వచ్చేదాక నా బిడ్డ లాప్‌టాప్ తొడ మీద పెట్టుకొని రంగు రంగుల గీతలు చూస్తున్నది. అవి ఏ చౌరస్తాల ఎప్పుడు ఏ మాట వచ్చింది, ఎప్పుడు పోయింది అనేటివంట. ఒక చౌరస్తా చూస్తది, మూస్తది, ఇంకో చౌరస్తా తెరుస్తది. నాకు నిద్ర వస్తున్నది.

ఉన్నట్టుండి నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. "అమ్మా, ఇది మాట్లాడుతనే ఉన్నది."

"ఏది?"

"అదేనమ్మా. మొదటికెల్లి మాట్లాడుతనే ఉన్నది. ఎవరూ పోనిస్తలేరు. తలుపు కాడనే నిలబెట్టిన్రు."

కోట్‌పల్లి ఆమె మా దిక్కు వంగింది. "ఎవర్నమ్మా? ఆడబిడ్డనా?"

"ఉప్పు డబ్బాను" అన్న నేను. ఆమె మమ్మల్ని ఇద్దర్నీ చూసి, మెల్లగ తన కోడలు దిక్కు జరిగి కూసున్నది.

లోపల డాక్టరమ్మ బీపీ చూసి కోపానికొచ్చింది. "పోయినసారికన్న పెరిగింది. ఏం చేస్తున్నవు నువ్వు? ఈ వారం తర్వాత ఆ కంప్యూటర్ డబ్బా మూసెయ్యి. లేకుంటే ఇక్కడనే మంచం ఏసి పండబెడత" అన్నది. అంటే సెలవు దాక గూడ ఆగేటట్టు లేదు. ఏం చేసినా ఆ వారంలనే.

ఇంటికొచ్చినంక అత్తమ్మ ముందల కూసొని తానే చెప్పింది. ప్రతి చౌరస్తాల ఒక రూలుంటదంట, రెండు మాటలు ఒక్కసారి వస్తే ఎవరిది ముందు పోవాలె అని. "ఆ రూలు నేనే పెట్టిన నానమ్మ. మొదలు మెదడు మాట. అటెన్క యాది మాట. అటెన్క బొమ్మల మాట. అందరు అయినంక చిన్నదానిది."

"సరిగనే ఉన్నది గద" అన్నది అత్తమ్మ. "పెద్దలు తిన్నంకనే కోడండ్లు తినేది."

"గదే! గట్లనే పెట్టమని ఎవరూ చెప్పలే నాకు. నేనూ దాని మీద ఆలోచన చెయ్యలే. పెద్దోళ్లు మాట్లాడంగ నడుమ పోవద్దని చిన్నప్పటికెల్లి ఇన్న, చేతికి అదే వచ్చింది. పెద్దోళ్లు జర ఊకున్నప్పుడల్ల చిన్నదాని మాట పోతుండె, గందుకే మొదట్ల మంచిగ నడిచింది. ఆట పెట్టినప్పుడు పెద్దోళ్ల మాటలు తెగయి. తెగకుంటే దీని వంతు రానే రాదు. వేడి పెరిగేది గూడ సరిగ్గ అప్పుడే."

నాకు నవ్వు వచ్చింది. "ఇది మన ఇంట్ల జరిగింది గద అత్తమ్మా" అన్న. "కందుల బస్తాలు యాదికున్నయా?"

నేను కొత్తగ కాపురానికి వచ్చిన ఏడు సంగతి. అప్పట్ల కోడలు మామతోని ఎదురుంగ నిలబడి మాట్లాడేది లేదు. నా మాట నా యారాలికి, పెద్ద కోడలికి చెప్పాలె, ఆమె అత్తమ్మకు చెప్తది, అత్తమ్మ మామకు చెప్తది. ఒక దినం పెద్ద వాన. వెనుక అర్రల రేకు లేసి నీళ్లు సీదా కందుల బస్తాల మీద పడుతున్నయి. నేను చూసి ఉరికి యారాలికి చెప్పిన. యారాలు ఉరికి అత్తమ్మకు చెప్పింది. అత్తమ్మ పోయి ముందటి అర్ర తలుపు కాడ నిలబడ్డది. లోపల మామ, ఆయన ముందల దౌల్తాబాద్ నుంచి సరుకు తెచ్చిన రైతులు. ఒక మాట అయిపోంగనే ఇంకో మాట. పంటలు, వానలు, ఎవరి పెండ్లి ఎప్పుడు. మొగోళ్లు మాట్లాడుతుంటే నడుమ ఎట్ల పోవాలె? ఆమె కొంగు నిండ కప్పుకొని ఆడ్నే నిలబడ్డది. వాళ్లు లేసి చెప్పులు ఏసుకునేవరకు కింది వరుస బస్తాలన్నీ నానినయి. అటెన్క వాటికి మొలకలొచ్చినయి.

"నిలబడి ఊకోలే నేను" అన్నది అత్తమ్మ కోపంగ. "దగ్గిన. మల్ల దగ్గిన."

"మరి తాత ఏమన్నడు?" అన్నది నా బిడ్డ.

"ఏమంటడు? నాకు సర్ది అయ్యిందనుకున్నడు. రాత్రి మిరియాల కషాయం తాగమన్నడు."

నా బిడ్డ కడుపు పట్టుకొని నవ్వింది. చాన దినాలకు నవ్వింది. నాకు భయమైంది, నవ్వితే గూడ బీపీ పెరుగుతదేమోనని.

"అయితే ఉప్పు డబ్బానే అందర్లకెల్ల పెద్దది చెయ్యి, అయిపాయె" అన్న.

"చెయ్యొచ్చు. రేపు ఇంకోటి వచ్చి నాది గూడ అర్జంటే అంటది, ఎల్లుండి ఇంకోటి. అందరు అర్జంటోళ్లే అయితే మల్ల మొదటికొస్తం. దానికొక్కదానికే వేరే తొవ్వ ఏద్దామంటే గోరంతల జాగ ఏడున్నది?" తలకాయ గోడకు ఆనిచ్చి కండ్లు మూసుకున్నది. "ఇంకో పద్ధతి ఉన్నది. నేను కనిపెట్టింది కాదు, ముందుకెల్లి ఉన్నదే. అవసరం లేదని నేనే పక్కకు పెట్టిన. చౌరస్తాల ఆగిన మాటకు ఆగినకొద్దీ వయసు పెరుగుతది. అట్ల అందర్లకెల్ల ముసలిది ఏదైతే అదే ముందు పోవాలె. అది బిందెదా, ఉప్పు డబ్బాదా అని చూసేది లేదు."

అత్తమ్మ "అంటే పెద్దోళ్లే ముందు పోవాలె అన్నట్టే గద. నీ రూలేం మారింది?" అన్నది.

"మారిందే నానమ్మ. ఇప్పుడు ఉప్పు డబ్బా గూడ ముసలిదయితది."

"అట్లయితే మంచిదే" అన్నది అత్తమ్మ, పండుకుంట.

గని ఊకనే కాదంట. ప్రతి మాట తన వయసు ఎంబడి మోసుకొని తిరగాలె, ప్రతి చౌరస్తాల ఎవరు ముసలోళ్లని చూడాలె. జర ఆలస్యమయితది. బొమ్మలు గీసే ముక్కను చేసినోళ్లున్నరు గద, ఆ బొమ్మలోళ్లు లొల్లి చేస్తరని ముందే చెప్పింది.

దానికన్న ముందు ఇంకో పని ఉండె. ఫోన్ చేతిల పట్టుకొని చాన సేపు కూసున్నది. పెట్టి, మల్ల తీసి, ఆఖరికి బెంగుళూరాయనకు కలిపింది. స్పీకర్ల పెట్టలే. ఇంగ్లీషుల ఏదో చెప్పింది, గొంతు సన్నగ. మల్ల ఉన్నట్టుండి తెలుగుల, "ఏందీ, మీకు తెలుగు వచ్చా?" అని గట్టిగ అన్నది. మా దిక్కు తిరిగి, "వాళ్లమ్మ తెలుగామెనంట!" అన్నది. "మరి ఇన్ని దినాలు ఇంగ్లీషుల ఎందుకు కొట్లాడినం?"

అత్తమ్మ మంచం మీదికెల్లి, "మాకు కన్నడం వస్తదని గూడ చెప్పు" అని కేకేసింది. అవుతల ఆయన ఏమన్నడో గని నా బిడ్డ పకపక నవ్వింది.

రూలు మార్చి ఉత్తుత్త చిప్పును మల్ల నడపనీకి పెట్టింది. పొద్దుందాక నడుస్తదంట. డాక్టరమ్మ చెప్పినట్టు ఎడమ పక్కకు తిరిగి పండుకోవాలె, పండుకుంటే తెర కనపడదు. "అమ్మా, నువ్వు చూడు" అన్నది. "గీ ఎర్ర గీత వేడి. అది మీదికి పోతుంటది. కింద గీ సన్న గీత ఉన్నది గద, ఇది లేసిందంటే ఉప్పు డబ్బా మాట మెదడుకు అందిందన్నట్టు. లేస్తే చెప్పు."

నేను చిక్కుడుకాయలు ముందలేసుకొని తెర ముందు కూసున్న. ఈనెలు తీసుడు, తెర చూసుడు. ఎర్రది మీదికి పోతున్నది. సన్నది నేలకు అతుక్కొని ఉన్నది. ఎర్రది ఇంకా మీదికి పోయింది. మా ఇంటాయన వచ్చి నా వెనుక నిలబడి, "ఏం సీరియలే?" అన్నడు. "ఊకోండి" అన్న. నాకేం తెలుసు దాని గురించి, గని ఆ సన్న గీత మీదనే నా పానమంత. లేయవే, లేయవే అనుకుంటున్న.

ఒక్కసారి టక్కున లేసింది.

"లేసిందే!" అని ఒర్లిన. జర సేపటికి ఎర్ర గీత వంగి కిందికి దిగింది. మల్ల ఎక్కింది, మల్ల సన్నది లేసింది, మల్ల దిగింది. మా ఇంటాయన గూడ కుర్చీ గుంజుకొని కూసున్నడు. నా బిడ్డ పక్క మీదనే దుప్పటి మొఖం మీదికి గుంజుకున్నది. ఏడ్చిందో, నిద్రపోయిందో నేను అడగలే.

తెల్లారి పెద్ద మీటింగు. వాళ్లందరికీ పెద్దయిన మేడం, బొమ్మలోళ్లు, బెంగుళూరాయన, ఇంక ఎవరెవరో. నేను కుక్కర్ పెట్టలే, కూత పెడతదని. మా ఇంటాయన దుకాణానికి పోకుంట కడప కాడ నిలబడ్డడు. బొమ్మలోళ్లు లొల్లి చేసిన్రు, అది గొంతులనే తెలిసింది. నడుమల బెంగుళూరాయన మాట్లాడిండు. ఆయన మాట్లాడినంత సేపు నా బిడ్డ తల వంచుకొని ఇన్నది. మేడం ఏదో అడిగింది, ఇది జవాబు చెప్పింది. మేడం ఒక రెండు మాటలు చెప్పి పెట్టేసింది.

మేం ముగ్గురం దాని మొఖం చూస్తున్నం.

"చిప్పుకు నా మ్యాపే పెడుతున్నరు" అన్నది.

అత్తమ్మ రెండు చేతులెత్తి మొక్కింది. మా ఇంటాయన, "మరి గట్లున్నవేంది?" అన్నడు.

"నడుమల నేను కొన్ని పొడుగు తొవ్వలు ఏసిన నాన్నా, చౌరస్తాలల్ల ఆగకుంట సీదా పోయేటివి. నాకు అన్నిట్లకన్న పానమైనవి. వాటిని పరీక్ష చేయనీకి టైము లేదని తీసేసిన్రు. ఇంకోటి, నా తబియత్ సంగతి మేడంకు తెలిసింది. రేపటికెల్లి సెలవే. మ్యాపు మొత్తం ఆయనకు అప్పజెప్పమన్నది."

"ఎవరికి?"

"బెంగుళూరాయనకు."

నాకు మనసుల చివుక్కుమన్నది. ఇన్నేండ్లు అది కూసొని ఏసిన తొవ్వలు. దానితోని కొట్లాడినాయన చేతికేనా? "నువ్వేమన్నవు?" అన్న.

"సరే అన్న. ఆయన మీటింగుల నా దిక్కే మాట్లాడిండమ్మా. నా తప్పు సంగతి ఎత్తనే లేదు. నేనే చెప్పుకున్న." కండ్లు తుడుసుకొని, "ఆకలయితున్నది, ఏం చేసినవు?" అన్నది.

ఏం చేసిన? కుక్కరే పెట్టలేదాయె. ఉరికి పోయి పొయ్యి ముట్టిచ్చిన. బియ్యం కడుగుతుంటే పడసాలల ఫోన్ మోగింది. ఆయనే. స్పీకర్ల పెట్టి ఇది మొదటి చౌరస్తా కాడికెల్లి చెప్పుడు మొదలువెట్టింది. మొదట్ల కాయితం చూసుకుంట చెప్తున్నది, అప్పజెప్పుడు గద. ఆయన తెలుగుల అడుగుతున్నడు, నడుమల కన్నడం ముక్క కలుస్తున్నది, అత్తమ్మ దానికి అర్థం చెప్తున్నది. ఒక కాడ ఆయన, "ఇక్కడ ఇట్ల ఎందుకు తిప్పిన్రు?" అన్నడు. "ఆగుండి, అది చెప్పాలంటే చాన ఉన్నది" అని నా బిడ్డ కుర్చీ ముందటికి గుంజుకున్నది. కాయితం పక్కకు పెట్టేసింది. పప్పు పోపు ఏసినంక పళ్లెంల అన్నం కలుపుకొని పోయి పక్కన నిలబడ్డ. ఫోన్ చేతిల పట్టుకొనే నోరు తెరిచింది. నేను ముద్ద పెట్టిన. నములుకుంటనే ఇంకో చౌరస్తా చెప్పింది.